హాస్టల్‌లో కలిసి ఉంటూ కలిసి చదివే బృందాన్ని కట్టడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"మా హాస్టల్‌లో ఒక అంతస్తు మొత్తం మొదటి ఏడాది విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లను కలిపి చదివించమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?" వార్డెన్లు, అధ్యాపకులు, అప్పుడప్పుడు సీనియర్ విద్యార్థులు కూడా అడుగుతున్న ప్రశ్న ఇది. చిక్కు ప్రశ్నలోనే ఉంది. గదులు పంచేశాక అడుగుతున్నారు. నా లెక్కలో గదుల పంపకం ఐదో మెట్టు. మొదటి నాలుగూ దాటకుండా అక్కడికి దూకినవారు ఏడాదంతా కార్యక్రమాలు పెడుతూనే ఉంటారు. అంతస్తు మాత్రం మామూలు అంతస్తులాగే ఉండిపోతుంది.

ముందు మాట తేల్చుకుందాం. ఇక్కడ "బృందం" అంటే మూడు షరతులు కలిసిన ఏర్పాటు. విద్యార్థులు ఒకే చోట ఉండాలి. కనీసం ఒక కోర్సు కలిసి చదవాలి. ఒక అధ్యాపకుడు తరగతి బయట కూడా వాళ్లను క్రమం తప్పకుండా కలవాలి. మొదటిది ఒక్కటే ఉంటే అది హాస్టల్, రెండోది ఒక్కటే ఉంటే సెక్షన్. మూడోది ఒక్కటే ఉంటే మంచి మాస్టారు దొరికిన అదృష్టం.

1. ముందు ఒకే ఒక వాక్యం రాయండి

ఏడాది చివర ఈ అంతస్తు విద్యార్థి చేయగలిగి, పక్క అంతస్తు విద్యార్థి చేయలేని పని ఏమిటి? జవాబు ఒక్క వాక్యంలో రాయండి. "సమగ్ర వికాసం", "నాయకత్వ లక్షణాలు" లాంటి మాటలు పడితే కొట్టేసి మళ్లీ రాయండి. అవి చదివి ఎవరూ ఏ పనీ చేయలేరు.

పనికొచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి:

- మొదటి సెమిస్టర్ గణితంలో తప్పేవారి సంఖ్య సగానికి తగ్గాలి.
- ప్రతి విద్యార్థికీ, సిఫారసు లేఖ అడిగేంత చనువున్న అధ్యాపకుడు కనీసం ఒకరు ఉండాలి.
- తరగతిలో నోరు విప్పడానికి భయపడుతూ వచ్చిన విద్యార్థి రెండో సెమిస్టర్‌కు లేచి ప్రశ్న అడగగలగాలి.

వాక్యం కుదిరాక బృందానికి ఇరుసు ఏమిటో తేలుతుంది. మామూలుగా నాలుగు రకాలు: ఒకే విభాగం వారు, ఒకే ఏడాది వారు, ఒకే ఆసక్తి ఉన్నవారు, ఒకే అవసరం ఉన్నవారు (ఉదాహరణకు, ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి తరం). తొలిసారి చేస్తున్నవారికి నా సలహా ఒకటే. మొదటి ఏడాది విద్యార్థులను, అందరూ భయపడే ఒక కఠినమైన కోర్సును తీసుకోండి. పర్యావరణం, ఫొటోగ్రఫీ వంటి ఆసక్తుల బృందాలు పోస్టర్ మీద అందంగా ఉంటాయి. అయితే కలిసి చేయాల్సిన చదువు పని లేకపోతే రెండో నెలకే సమావేశాలకు వచ్చేవారు తగ్గిపోతారు.

అవసరాన్ని బట్టి కట్టే బృందానికి పేరు పెట్టేటప్పుడు మరింత జాగ్రత్త. "వెనకబడిన విద్యార్థుల సహాయ విభాగం" అని తలుపు మీద రాస్తే ఆ తలుపు తెరవడానికి ఎవరికీ మనసొప్పదు.

2. హాస్టల్ వారిని, బోధన వారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి

హాస్టల్ ఒకరి చేతిలో, తరగతి మరొకరి చేతిలో ఉంటాయి. ఇద్దరి పై అధికారులు వేరు, బడ్జెట్లు వేరు, సెలవు రోజులు కూడా కొన్నిసార్లు వేరు. వీళ్లిద్దరూ సంతకం పెట్టిన కాగితం లేకుండా మొదలైన బృందం ఎవరో ఒకరి సొంత ఉత్సాహం మీద నడుస్తుంది. ఆ మనిషి బదిలీ అయితే అక్కడితో సరి.

ఇలాంటి కార్యక్రమాలను ఏళ్ల తరబడి పరిశీలించిన కరెన్ ఇంకెలాస్, ఆమె సహ పరిశోధకులు 2018లో ఒక నమూనాను పిరమిడ్ రూపంలో ఇచ్చారు. అట్టడుగున స్పష్టమైన లక్ష్యాలు, బోధన విభాగానికీ వసతి విభాగానికీ పొత్తు, చాలినన్ని వనరులు. వాటి మీద చదువు వాతావరణం. ఆ పైన తరగతి బయటి కార్యక్రమాలు. కొసన, వీటన్నిటినీ కావాలని ఒకదానితో ఒకటి అల్లడం. ఏం జరుగుతోందో కొలుచుకోవడం ఇటుకల మధ్య సున్నంలా అన్ని వరసల్లోనూ ఉంటుంది. చాలా కాలేజీలు కార్యక్రమాల వరసతో మొదలుపెడతాయి, ఎందుకంటే ఫొటోలు వచ్చేది అక్కడే.

ఒప్పంద పత్రం రెండు పేజీలు దాటనక్కర్లేదు. ఇవి మాత్రం ఉండి తీరాలి:

- అధ్యాపకుడి సమయాన్ని ఎవరు, ఎన్ని గంటలు, ఏ పనికి బదులుగా విడుదల చేస్తారు?
- ఖర్చు ఏ పద్దు నుంచి? చిన్న ఖర్చుకు ఎవరి అనుమతి చాలు?
- రాత్రి వేళ గొడవ జరిగితే మొదట ఎవరికి ఫోన్ చేయాలి?
- విద్యార్థి మార్కులు హాస్టల్ వారికి తెలియవచ్చా? ఏ మేరకు, ఎవరి అనుమతితో?
- మధ్యలో వెళ్లిపోవాలనుకునే విద్యార్థికి గది ఎవరు చూపుతారు?
- ఏర్పాటు కనీసం ఎన్నేళ్లు కొనసాగుతుంది? మూడేళ్ల కంటే తక్కువకు ఒప్పుకోకండి. మొదటి ఏడాది తప్పులకే సరిపోతుంది.

నాలుగో అంశాన్ని తేలిగ్గా తీసుకుంటారు. వార్డెన్ నోట తన మార్కులు విన్న విద్యార్థి మళ్లీ ఆ అంతస్తులో ఎవరితోనూ మనసు విప్పడు.

3. టైమ్‌టేబుల్‌లో చోటు పట్టండి

పని మొత్తంలో అన్నిటికంటే విసుగు పుట్టించే భాగం, అన్నిటికంటే ముఖ్యమైన భాగం కూడా ఇదే. విద్యార్థులు కలిసి చదవాలంటే వాళ్లందరికీ ఒకే రోజు ఒకే లెక్కలు అప్పగించి ఉండాలి. అంటే అందరూ ఒకే సెక్షన్‌లో ఉండాలి. సెక్షన్లను కట్టే కమిటీ ప్రవేశాలకు చాలా ముందే కూర్చుంటుంది. ఆ సమావేశం దాటిపోతే ఆ ఏడాదికి వదిలేసి వచ్చే ఏడాదికి సిద్ధపడడమే మంచిది.

వెనక నుంచి లెక్క వేస్తే క్యాలెండర్ ఇలా వస్తుంది:

- 10 నుంచి 12 నెలల ముందు: లక్ష్య వాక్యం, ఒప్పందం, కోర్సు ఎంపిక.
- 8 నెలల ముందు: ఆ కోర్సులో ఒక సెక్షన్‌ను బృందం పేరున అట్టే పెట్టడం.
- 6 నెలల ముందు: అంతస్తు ఎంపిక, మరమ్మతుల జాబితా.
- 4 నెలల ముందు: అధ్యాపకుడు, సీనియర్ మార్గదర్శుల ఎంపిక.
- 2 నెలల ముందు: విద్యార్థుల దరఖాస్తులు, గదుల పంపకం.
- 2 వారాల ముందు: మార్గదర్శులకు శిక్షణ.

కోర్సు ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. దానికి క్రెడిట్లు ఉండాలి. క్రెడిట్ లేని "అదనపు తరగతి"ని పరీక్షల వారం రాగానే మొదట వదిలేస్తారు. వారం వారం చేయాల్సిన పని ఉండాలి. చివరి పరీక్షతో మాత్రమే తేలే కోర్సయితే చివరి వారం దాకా కలిసి కూర్చోవడానికి కారణమే ఉండదు. ఇక చెప్పే అధ్యాపకుడు ఈ ఏర్పాటుకు ఇష్టపడి రావాలి.

తరగతి 120 మందిదైతే మీ 40 మందికి వేరే తరగతి అడగనక్కర్లేదు. ఉపన్యాసం అందరితో కలిపి విననివ్వండి. లెక్కలు చేయించే చిన్న తరగతి లేదా ల్యాబ్ మాత్రం మీ వాళ్లకే వేరుగా పెట్టించండి.

ఒకటి బాగుందని అన్ని కోర్సులూ కలిపేయకండి. పొద్దున్న అవే ముఖాలు, మధ్యాహ్నం అవే, రాత్రి గదిలోనూ అవే అయితే ఊపిరాడదు. గదిలో మొదలైన చిన్న మనస్పర్థ ల్యాబ్ దాకా వస్తుంది. మొత్తం గుంపు ఒక అధ్యాపకుడి మీద ఏకమై మొండికేయడం కూడా ఇలాంటి చోటే ఎక్కువ. ఒక కోర్సు చాలు, మించితే రెండు.

4. ఎంతమంది, ఏ అంతస్తు

మొదటిసారి 30 నుంచి 45 మంది. అంతకు తగ్గితే నలుగురు వెళ్లిపోగానే వెలితి కనిపిస్తుంది. పెరిగితే పేర్లు గుర్తుండవు. ఇది నా అనుభవం చెప్పే లెక్క. మీ భవనం ఆకారాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

భవనం ఆకారం అనుకున్నదానికంటే ఎక్కువ పని చేస్తుంది. అమెరికాలోని ఎంఐటీలో వివాహిత విద్యార్థుల నివాసాలను పరిశీలించి ఫెస్టింగర్, షాక్టర్, బాక్ అనే పరిశోధకులు 1950లో ప్రచురించిన ఫలితాలు ఇప్పటికీ హాస్టల్ కట్టేవారికి పాఠమే. పక్క తలుపు వారిని దగ్గరి స్నేహితులుగా చెప్పినవారు 41 శాతం. రెండు తలుపుల అవతలి వారి విషయంలో అది 22 శాతానికి, వరండా ఆ కొసన ఉన్నవారి విషయంలో 10 శాతానికి పడిపోయింది. మధ్య దూరం చూస్తే కొన్ని అడుగులే! మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్నవారికి పై అంతస్తు స్నేహితులు కూడా దొరికారు. రోజూ ఎదురుపడే దారే స్నేహాన్ని నిర్ణయించింది.

రెండో పాఠం పొడవాటి కారిడార్ గురించి. దాని పొడవునా గదులుండి 30 మందికి పైగా ఒకే దారినీ ఒకే స్నానాల గదులనూ వాడుకునే చోట, విద్యార్థులు కిక్కిరిసినట్టు భావించి ఇతరుల నుంచి ముడుచుకుపోతారని 1970లలో ఆండ్రూ బామ్, స్టువర్ట్ వాలిన్స్ గమనించారు. 1980లో బామ్, గ్లెన్ డేవిస్ ప్రచురించిన ప్రయోగంలో అలాంటి కారిడార్ మధ్యలో మూడు గదులను కూర్చునే చోటుగా మార్చి, అంతస్తును సుమారు 20 మంది చొప్పున రెండు భాగాలు చేశారు. విద్యార్థుల ఇబ్బంది తగ్గింది, పక్కవారితో పరిచయాలు పెరిగాయి. కొత్త భవనం కట్టలేదు, తలుపులు పెట్టి మూడు గదులు వదులుకున్నారు, అంతే.

మీ అంతస్తును ఈ కళ్లతో ఒకసారి నడిచి చూడండి:

- కామన్ రూమ్ అందరూ నడిచే దారిలో ఉందా, మూల మలుపులో ఉందా? మూలనున్న గది ఎంత అలంకరించినా ఖాళీగానే ఉంటుంది. దారిలో ఉన్న ఒక మామూలు గదిని దానితో మార్చుకోండి.
- తలుపుకు అద్దం ఉందా? లోపల ఎవరున్నారో కనిపిస్తే లోపలికి వచ్చేవారు పెరుగుతారు.
- బల్లలు కదులుతాయా? నలుగురైదుగురు కూర్చునే చిన్న బల్లలు కావాలి. ఒకే పెద్ద బల్ల సభకు పనికొస్తుంది, చదువుకు కాదు.
- గోడ మీద రాసే బోర్డు, కాళ్లకు అడ్డం పడని ప్లగ్గులు, చాలినంత వెలుగు ఉన్నాయా?
- మాట్లాడుకుంటూ చదివే గది ఒకటి, మౌనంగా చదివే గది ఒకటి వేరుగా ఉన్నాయా?
- చక్రాల కుర్చీతో వచ్చే విద్యార్థి కామన్ రూమ్‌కు ఒంటరిగా చేరగలరా?

ఆఖరి దానికి జవాబు "లేదు" అయితే అంతస్తునే మార్చండి.

5. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఎవరి పక్కన పెట్టాలి

దరఖాస్తు ఒక్క పేజీ చాలు. మార్కుల గీత గీయకండి. రెండు ప్రశ్నలు అడగండి: ఎందుకు రావాలనుకుంటున్నారు, వారానికి ఒక సాయంత్రం ఇవ్వగలరా? సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే చీటీలు తీయండి. ఇది న్యాయంగా ఉండడమే కాక, ఫలితం కొలిచేటప్పుడు ఎంత అక్కరకొస్తుందో పదో అంశంలో చెబుతాను.

బాగా చదివేవారినీ వెనకబడినవారినీ కలిపేస్తే మొదటివారు రెండోవారిని పైకి లాగేస్తారన్నది అందరి నమ్మకం. అమెరికా వైమానిక దళ అకాడమీలో దీన్ని నిజంగా చేసి చూశారు. స్కాట్ కారెల్, బ్రూస్ సాసర్డోట్, జేమ్స్ వెస్ట్ 2013లో ప్రచురించిన అధ్యయనం అది. వెనకబడినవారికి మేలు జరుగుతుందన్న అంచనాతో వాళ్లను బాగా చదివేవారితో ఒకే స్క్వాడ్రన్‌లో (అక్కడ విద్యార్థులు కలిసి ఉండే దళం) ఉంచారు. మధ్యస్థులను ఎక్కువగా వేరే స్క్వాడ్రన్లలో వేశారు. వెనకబడినవారి ఫలితాలు మెరుగవలేదు సరికదా, ఇంకా తగ్గాయి. ఒకే స్క్వాడ్రన్‌లో ఉన్నా ఎవరికి వారు తమలాంటివారినే వెతుక్కుని విడి గుంపులు కట్టారు.

దీన్నుంచి పనికి తీసుకోవాల్సినవి రెండు. మధ్యస్థ విద్యార్థులను తప్పనిసరిగా ఉంచండి, రెండు కొసలకూ వంతెన వాళ్లే. అలాగే అంతస్తు స్థాయిలో కలిపితే కలిశారని అనుకోకండి. నలుగురేసి పనిచేసే చిన్న జట్లను మీరే వేసి, ప్రతి నాలుగు వారాలకూ మార్చండి.

గదుల పంపకానికి మనస్తత్వ పరీక్షలు అక్కర్లేదు. ఈ ఐదు అడిగితే చాలు: ఎన్నింటికి పడుకుంటారు, వెలుతురులో నిద్ర పడుతుందా, చదివేటప్పుడు పాటలు వింటారా, గదికి స్నేహితులు రావడం ఇష్టమేనా, గది ఎంత శుభ్రంగా ఉండాలి. రూమ్మేట్ల గొడవలు ఎక్కువగా ఈ ఐదింటి చుట్టూనే తిరుగుతాయి. ముందే స్నేహితులై వచ్చిన ఇద్దరిని ఒకే అంతస్తులో ఉంచండి, ఒకే గదిలో మాత్రం వద్దు.

వెళ్లే దారి కూడా తెరిచి ఉంచండి. మొదటి నాలుగు వారాల్లో కారణం చెప్పకుండా వేరే అంతస్తుకు మారవచ్చని మొదటి రోజే ప్రకటించండి.

6. మనుషులు: అధ్యాపకుడు, సీనియర్లు

అధ్యాపకుడిగా పేరున్నవారిని వెతకకండి. గంట కొట్టాక ఎవరి బల్ల చుట్టూ విద్యార్థులు నిలబడి ఉంటారో చూడండి, ఆయనను లేదా ఆమెను అడగండి. వారానికి మూడు నాలుగు గంటల పని ఇది. బోధన భారంలో దాన్ని లెక్కించకపోతే రెండో సెమిస్టర్‌కు మర్యాదగా తప్పుకుంటారు, తప్పు పట్టడానికి కూడా లేదు.

ఆ గంటల్లో చేయాల్సింది: వారానికి ఒకసారి కామన్ రూమ్‌లో కూర్చుని సందేహాలు తీర్చడం, ఒకసారి విద్యార్థులతో కలిసి భోజనం చేయడం, సెమిస్టర్‌కు ఒకసారి ప్రతి విద్యార్థితో విడిగా పావుగంట మాట్లాడడం. చేయకూడనివి: గదుల్లోకి వెళ్లడం, హాజరు తీసుకోవడం, క్రమశిక్షణ చర్యల్లో భాగం కావడం. భోజనం దగ్గర చనువుగా మాట్లాడిన మాస్టారు మర్నాడు విచారణ కమిటీలో కనిపిస్తే ఆ బల్ల దగ్గరికి ఇంకెవరూ రారు.

సీనియర్ మార్గదర్శులు 12 నుంచి 15 మందికి ఒకరు. గౌరవ వేతనమో, ఫీజులో మినహాయింపో ఇవ్వండి. ఉచిత సేవ పరీక్షల ముందు ఆగిపోతుంది. ర్యాగింగ్ విషయంలో గతంలో చిన్న ఫిర్యాదు ఉన్నా ఆ దరఖాస్తు పక్కన పెట్టండి. నలుగురు జూనియర్లను పిలిచి, దరఖాస్తు పెట్టిన సీనియర్‌తో ఒక లెక్క చెప్పించి చూడండి. జవాబు గబగబా రాసి పారేసేవారి కంటే, "నువ్వు ఎక్కడిదాకా వచ్చావు?" అని అడిగేవారు మీకు కావాలి.

శిక్షణ రెండు రోజులు. మొదటి రోజు ప్రశ్న వేసే పద్ధతి, చిన్న జట్లను నడపడం. రెండో రోజు అంతా ఒకే విషయం: ఏ సంగతి తమ దగ్గర ఉంచుకోకూడదు. తనను తాను గాయపరచుకోవాలన్న మాట, వేధింపు, మత్తు పదార్థాలు, రోజుల తరబడి గది తలుపు తీయకపోవడం. వీటిలో ఏది ఎదురైనా "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. ఎవరికి ఫోన్ చేయాలో కార్డు మీద రాసి ఇవ్వండి.

7. మొదటి ఆరు వారాలు

ఈ ఆరు వారాల్లో ఏర్పడిన అలవాటే ఏడాదంతా సాగుతుంది. అందుకే మీ బడ్జెట్‌లో, ఓపికలో సగం ఇక్కడే పెట్టండి.

మొదటి రోజు: ఉపన్యాసాలు వద్దు. తలుపుల మీద పేర్లు ముందే ఉండాలి. సాయంత్రం పక్కపక్క గదుల వారిని ఎనిమిదేసి మందిగా కూర్చోబెట్టి, చేతులతో చేసే ఏదైనా పని ఇవ్వండి: కామన్ రూమ్ బల్లలు ఎలా వేయాలో నిర్ణయించి వేయించడం లాంటిది. "మీ గురించి చెప్పండి" అనే వరస పరిచయం బిడియస్తులను మొదటి రోజే బెదరగొడుతుంది.

మొదటి వారం: ప్రతి గదిలోనూ రూమ్మేట్లు ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలి. దీపం, శబ్దం, అతిథులు, వస్తువులు అరువు తీసుకోవడం. సీనియర్ పక్కన ఉండాలి, తాను రాయకూడదు.

రెండో వారం: ఉమ్మడి కోర్సులో మార్కులున్న చిన్న పని. ఎంత చిన్నదైనా సరే. కలిసి చదవడానికి ఒక నిజమైన కారణం ఇప్పుడే పుట్టాలి.

మూడో వారం: అధ్యాపకుడు విడి విడిగా మాట్లాడడం మొదలు. మౌనంగా ఉండేవారి పేర్లు సీనియర్లు ముందే ఇస్తే వాళ్లతో మొదలుపెట్టవచ్చు. ఇంటి మీద బెంగ ముదిరే వారం కూడా ఇదే. వారాంతంలో అంతస్తు ఖాళీ అయిపోకుండా ఏదో ఒకటి ఉండేలా చూడండి.

నాలుగో వారం: పేరు రాయని చీటీ మీద రెండు ప్రశ్నలు: ఏది సాయపడుతోంది, ఏది విసిగిస్తోంది? వచ్చిన వాటిలో ఒక్కదాన్నైనా మూడు రోజుల్లో మార్చి, మార్చామని బోర్డు మీద రాయండి.

ఐదో వారం: మొదటి పెద్ద పరీక్ష. ఫలితాల రోజు సాయంత్రం కామన్ రూమ్‌లో సీనియర్లు ఉండాలి. తాము మొదటి పరీక్షలో తెచ్చుకున్న మార్కులు దాచకుండా చెప్పే సీనియర్ ఒక్కరున్నా ఆ రాత్రి తేలిగ్గా గడుస్తుంది.

ఆరో వారం: విద్యార్థుల కమిటీ. ఐదుగురు చాలు. కామన్ రూమ్ తాళం, చిన్న ఖర్చు, వారపు పట్టిక వాళ్ల చేతికి ఇవ్వండి. తాళం ఇవ్వకుండా కమిటీ వేస్తే అది పేరుకే.

8. వారపు లయ, చదువుకునే సాయంత్రం

వారానికి తప్పనిసరి సమావేశం ఒకటే ఉండాలి, అది చదువుదే కావాలి. మిగతావి ఇష్టమున్నవారికి. వారానికి నాలుగు కార్యక్రమాలు పెట్టే అంతస్తులో విద్యార్థులు కామన్ రూమ్ ముందు నుంచి తల వంచుకుని పోవడం చూశాను.

చదువుకునే సాయంత్రం ఎలా ఉండాలో తెలియాలంటే గణితజ్ఞుడు యూరీ ట్రైస్‌మన్ 1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చూసినది గుర్తుంచుకోవాలి. క్యాల్‌క్యులస్‌లో వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థులు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా చదువుతున్నారు. బాగా చేస్తున్న చైనా మూలాలున్న విద్యార్థులు తరగతి అయ్యాక కూడి, ఒకరి పని ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన మొదలుపెట్టిన వర్క్‌షాపులను వెనకబడినవారికి ఇచ్చే చేయూతగా కాకుండా, ప్రతిభకు సవాలుగా నడిపారు. లెక్కలు తరగతిలో ఇచ్చినవాటికంటే కఠినమైనవి. ఫలితాలు స్పష్టంగా మెరుగయ్యాయి.

90 నిమిషాలను ఇలా పంచండి:

- 10 నిమిషాలు: ఎవరికి వారు, మౌనంగా. ఇది తప్పిస్తే చురుకైనవాడు చెప్పేది మిగతావారు రాసుకుంటారు.
- 50 నిమిషాలు: నలుగురేసి. జట్టుకు ఒక్కటే ప్రశ్నల కాగితం ఇవ్వండి, తలలు దగ్గరికొస్తాయి.
- 20 నిమిషాలు: ఒక జట్టు బోర్డు మీద. తప్పు దారిలో వెళ్లిన జట్టును కూడా పిలవండి.
- 10 నిమిషాలు: ఇంకా అర్థం కానిది ఒక వాక్యంలో రాసి ఇవ్వడం. ఆ చీటీలు మర్నాడు అధ్యాపకుడి చేతికి చేరాలి.

చివరి పది నిమిషాలే హాస్టల్‌ను తరగతితో ముడివేసేవి. తరగతిలో అధ్యాపకుడు "రాత్రి మీలో చాలామంది ఇక్కడ ఆగిపోయారు" అని మొదలుపెట్టిన రోజు నుంచి సాయంత్రాలకు హాజరు గురించి మీరు బెంగ పడనక్కర్లేదు.

9. మామూలుగా జరిగే తప్పులు, వాటికి మందు

సాయంత్రాలకు రావడం మానేస్తున్నారు. హాజరు పట్టీ పెట్టకండి. ఉమ్మడి కోర్సు పనికీ ఆ సాయంత్రానికీ లంకె తెగిందేమో చూడండి. వారం అప్పగించే పని గడువు సాయంత్రం మర్నాటికి ఉండాలి.

రెండు మూడు ముఠాలు ఏర్పడ్డాయి. భాష, ఊరు, కోచింగ్ పూర్వ పరిచయం, ఏదైనా కావచ్చు. ముఠాలను తిట్టి విడగొట్టలేరు. జట్లు మార్చే గడువును నాలుగు వారాల నుంచి రెండుకు తగ్గించండి. రెండు ముఠాల్లోనూ చెల్లుబాటయ్యే మనిషి ఒకరుంటారు, కమిటీలోకి తీసుకోండి.

ఒకరిద్దరే అందరికీ పని చేసి పెడుతున్నారు. నకలు కొట్టడం కూడా దీని చుట్టమే. ఏది కలిసి చేయవచ్చు, ఏది ఒంటరిగానే చేయాలి అని కోర్సు అధ్యాపకుడు రాసి ఇవ్వకపోవడం దీనికి మూలం. ఆ కాగితం కామన్ రూమ్ గోడ మీద ఉండాలి.

అంతస్తులో రాత్రంతా సందడి. మౌన వేళలు మీరు విధిస్తే మీరే కాపలా కాయాలి. విద్యార్థులతో ఓటు వేయించి నిర్ణయించండి, ఓడినవారికి మాట్లాడుకునే గది చూపండి.

సీనియర్ పోలీసు అయిపోయాడు. ఒకే మనిషికి చదువు సాయమూ, నియమాల అమలూ రెండూ అప్పగిస్తే ఇలాగే అవుతుంది. రెండో పనిని వార్డెన్ సిబ్బందికి తిరిగి ఇవ్వండి.

ఒంటరిగా ఉండేవారిని "కలవడం లేదు" అని వెంటబడుతున్నారు. కొందరికి ఒంటరితనం సుఖం. తినడం, నిద్ర, తరగతికి వెళ్లడం సజావుగా ఉంటే వదిలేయండి. వాటిలో మార్పు వస్తే శిక్షణ రెండో రోజు చెప్పిన దారి.

10. ఫలితం ఎలా కొలవాలి

"మా బృందం విద్యార్థుల సగటు మార్కులు కాలేజీ సగటు కంటే ఎక్కువ" అన్న వాక్యం ప్రతి నివేదికలోనూ ఉంటుంది. దానికి విలువ తక్కువ. బృందానికి దరఖాస్తు పెట్టేవారు మొదటి నుంచే కాస్త పట్టుదల ఉన్నవారు; ఏ బృందం లేకపోయినా వాళ్ల సగటు ఎక్కువే ఉండేదేమో.

చీటీలు తీయమన్నది ఇందుకే. చీటీలో పేరు వచ్చినవారిని, దరఖాస్తు పెట్టినా పేరు రానివారిని పోల్చండి. ఇద్దరిలోనూ అదే పట్టుదల ఉంది, తేడా బృందానిది. మధ్యలో మానేసినవారిని కూడా మీ లెక్కలోనే ఉంచండి, లేకపోతే మిగిలినవారు సహజంగానే మెరుగ్గా కనిపిస్తారు. సంఖ్య చిన్నది కాబట్టి ఒక్క ఏడాది తేడాను చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు.

సేకరించాల్సినవి:

- చేరిన వారంలోనూ, ఏడాది చివరా అవే పది ప్రశ్నలు. లక్ష్య వాక్యం నుంచే ప్రశ్నలు తయారు చేయండి.
- ఉమ్మడి కోర్సు ఫలితాలు, రెండో ఏడాదికి కొనసాగినవారి సంఖ్య.
- "లెక్క రాకపోతే మొదట ఎవరిని అడుగుతావు?" అనే ఒక్క ప్రశ్న, మూడుసార్లు. మొదట్లో జవాబులన్నీ ఒకరిద్దరి వైపు చూపుతాయి. ఏడాది చివరకు పేర్లు విస్తరిస్తే అల్లిక జరుగుతోందని అర్థం.
- వెళ్లిపోయినవారితో పది నిమిషాల మాట. ఉన్నవారు మొహమాటపడతారు, వెళ్లినవారు నిజం చెబుతారు.

11. రెండో ఏడాదికి

మొదటి ఏడాది వారిలో నలుగురైదుగురిని సీనియర్ మార్గదర్శులుగా తీసుకోండి, మిగతావారిని వెళ్లనివ్వండి. అందరినీ అదే అంతస్తులో ఉంచితే కొత్తవారు అతిథులైపోతారు. రూమ్మేట్ ఒప్పందం నమూనా, ప్రశ్నల కాగితాలు, ఏయే కార్యక్రమాలు ఎవరూ రాక ఆగిపోయాయో ఆ జాబితా, ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కార్డు, ఖర్చు పద్దు ఒకే ఫైలులో పెట్టి వార్డెన్‌కూ అధ్యాపకుడికీ చెరొక ప్రతి ఇవ్వండి.

ఆ ఫైలు ముందు పెట్టుకుని ఇద్దరూ ఒక గంట కూర్చోవాలి. తేదీ ఇప్పుడే వేసుకోండి: టైమ్‌టేబుల్ కమిటీ కూర్చునే వారానికి ముందు వారం.